మార్కెజ్ పడిపోతే నేనూ చప్పట్లు కొట్టాను. రైడర్ల మైండ్ గేమ్స్‌కీ జనం ద్వేషానికీ మధ్య గీత ఎక్కడుంది?

మియాపూర్_రైడర్:

అందరికీ నమస్కారం. ఇది పాయింట్ల గురించో టైర్ల గురించో కాదు, చూసేవాళ్ల గురించి, ముఖ్యంగా నా గురించి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

2023 సెప్టెంబర్‌లో మోటోజీపీ, అంటే ప్రపంచ స్థాయి బైకు రేసుల పోటీ, మొదటిసారి మన దేశానికి వచ్చినప్పుడు నేనూ మా బాబాయి కొడుకూ హైదరాబాద్ నుంచి రైల్లో ఢిల్లీ వెళ్లి, అక్కణ్నుంచి గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కి పోయాం. ఎండ ఎలా కాసిందంటే రేసుని 24 ల్యాపుల నుంచి 21కి తగ్గించాల్సి వచ్చింది. 46 నంబరుతో నడిపిన ఇటలీ రైడర్ రోస్సీ రిటైరై అప్పటికి దాదాపు రెండేళ్లు, అయినా మా స్టాండ్‌లో ఎటు చూసినా పసుపు టోపీలే, 46 నంబరు జెండాలే. నా నెత్తి మీదా అదే టోపీ. డిగ్రీలో ఉండగా డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నది, అంచు దగ్గర చెమటకి రంగు పోయి తెల్లబడింది.

ముందు రోజు స్ప్రింట్‌లో, అంటే శనివారం చిన్న రేసులో, స్పెయిన్ రైడర్ మార్కెజ్ మూడో స్థానం తెచ్చుకున్నాడు. ఆదివారం కూడా మొదట్లో ముందు వాళ్లతోనే ఉన్నాడు. కొన్ని ల్యాపులకే పడిపోయాడు. పెద్ద తెర మీద అది కనబడగానే మా వెనక వరసల్లో ఈలలు, కేకలు. నా చేతులు కూడా లేచి చప్పట్లు కొట్టేశాయి. ఆలోచించి కొట్టింది కాదు. మా తమ్ముడు నా వైపు తిరిగి, "అదేంటన్నా, మనిషి పడితే చప్పట్లేంటి? 2020లో జెరెజ్‌లో చెయ్యి విరిగి నాలుగు ఆపరేషన్లయ్యాయని నువ్వేగా చెప్పావు" అన్నాడు. వాడు అన్నది అంతే. తెర మీద మార్కెజ్ లేచాడు, బైకు లేపుకున్నాడు, మళ్లీ ఎక్కి తొమ్మిదో స్థానంలో రేసు ముగించాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని మిగతా రేసంతా చూశాను.

నేను మార్కెజ్‌ని ఎప్పుడూ కలవలేదు. అతను నాకు చేసిన అన్యాయమేమీ లేదు. 2015లో రోస్సీతో గొడవ తప్ప అతని మీద నాకు కోపం రావడానికి కారణమే లేదు. ఆ గొడవ జరిగి ఎనిమిదేళ్లయ్యాక, ఆ ఇద్దరిలో ఒకరు రిటైరయ్యాక, ఇటలీకో స్పెయిన్‌కో చెందని నేను నోయిడాలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆ కోపం నాలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

రేసింగ్‌లో మైండ్ గేమ్స్ ఎప్పుడూ ఉన్నవే, అది నాకూ తెలుసు. రోస్సీలో నాకు నచ్చిందే అది. మరి ఏ గీత దాటితే అది జనం ద్వేషంగా మారుతుంది? 2015కి ముందు నుంచి చూస్తున్నవాళ్లు చెప్పండి.

—

పసుపు46:

తమ్ముడూ, చప్పట్లు కొట్టడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందంటే మాత్రం నా దగ్గర సమాధానం ఉంది, అది ట్రాక్ మీద నుంచే వచ్చింది.

ఆ సీజన్ గుర్తు చేసుకో. రోస్సీకి 36 ఏళ్లు, 2009 తర్వాత టైటిల్ లేదు, పదో టైటిల్ చేతికందేంత దగ్గర్లో ఉంది. అక్టోబర్ 25న మలేషియాలోని సెపాంగ్‌లో టైటిల్ పోటీ తన టీమ్‌మేట్ లోరెంజోతో. మార్కెజ్‌కి అప్పటికే టైటిల్ ఆశ లేదు. లోరెంజో తనని దాటి వెళ్తే పెద్దగా అడ్డుపడని మనిషి, రోస్సీ రాగానే ప్రతి మలుపులో ఢీ అంటే ఢీ అన్నాడు. ఇది నా అభిమానం మాట కాదు. రేస్ డైరెక్షన్ (రేసు నడిపే అధికారులు) కూడా మార్కెజ్ కావాలనే రోస్సీ వేగాన్ని దెబ్బతీస్తున్నాడని తమకు అనిపించిందనీ, అయితే అతను రూల్ ఏదీ ఉల్లంఘించలేదనీ చెప్పింది. ఏడో ల్యాప్‌లో 14వ మలుపు దగ్గర రోస్సీ అతన్ని బయటికి నెట్టుకుంటూ పోయాడు, తగిలింది, మార్కెజ్ పడ్డాడు. రోస్సీకి మూడు పెనాల్టీ పాయింట్లు. మిసానోలో వచ్చిన ఒకటి కలిపితే నాలుగు, అంటే సీజన్ చివరి రేసు వాలెన్సియాలో అందరికన్నా వెనక నుంచి మొదలుపెట్టాలి. క్రీడల కోర్టుకి వెళ్లినా శిక్ష ఆపలేదు.

నవంబర్ 8, దీపావళికి మూడు రోజుల ముందు. వరంగల్‌లో మా హాస్టల్ టీవీ గదిలో సాయంత్రం ఆరున్నరకి రేసు, బయట పిల్లలు అప్పుడే టపాకాయలు మొదలుపెట్టారు. రోస్సీ 26వ స్థానం నుంచి ఒక్కొక్కర్నీ దాటుకుంటూ సగం రేసు కాకముందే నాలుగుకి వచ్చేశాడు. ఆ తర్వాత ముందున్న ముగ్గురూ అందనంత దూరంలో ఉన్నారు. లోరెంజో వెనకే రేసంతా అంటిపెట్టుకుని వెళ్లిన మార్కెజ్ ఒక్కసారి కూడా దాటే ప్రయత్నం చేయలేదు. లోరెంజో 330, రోస్సీ 325. అయిదు పాయింట్లు! ఆ రాత్రి మా గదిలో ఎవరూ అన్నం తినలేదు. నాకు కోపం ఎవరూ నూరిపోయలేదు, నా కళ్లతో చూశాను కాబట్టి వచ్చింది.

—

గ్రావెల్‌ట్రాప్:

పసుపు46 గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, వాలెన్సియా రేసు చూసి నేనూ అనుమానపడ్డాను. కానీ మీరు కథని ఆదివారం నుంచి మొదలుపెట్టారు. అసలు కథ అంతకు మూడు రోజుల ముందు, గురువారం ప్రెస్ కాన్ఫరెన్స్‌లో మొదలైంది. ఇది ఒక్క ముక్కలో చెప్పలేను, 2001 నుంచి రావాలి.

రోస్సీ చిన్నప్పటి నుంచీ పోటీదారుడి బుర్రలోకి దూరి గెలిచేవాడు. మొదటివాడు మాక్స్ బియాజీ. 2001లో సుజుకాలో మెయిన్ స్ట్రెయిట్ మీద బియాజీ మోచేత్తో రోస్సీని ట్రాక్ అంచుకి నెట్టాడు, తర్వాత రోస్సీ అతన్ని దాటి, దాటాక మధ్యవేలు చూపించాడు. ఆ ఏడాదే బార్సిలోనాలో పోడియంకి (గెలిచినవాళ్లు నిలబడే వేదికకి) వెళ్లే దారిలో ఇద్దరూ కలబడ్డారు. రెండోవాడు సెటే జిబెర్నౌ. ఇద్దరూ స్నేహితులు. 2004లో ఖతార్‌లో రోస్సీ మనుషులు రాత్రిపూట గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే వరసల్లో, రోస్సీ నిలబడే చోట స్కూటర్ చక్రం రుద్ది రబ్బరు పూశారు, మొదట్లో పట్టు దొరకాలని. ఫిర్యాదు వెళ్లింది, రోస్సీని వెనక్కి పంపారు, అతను పైకొస్తూ పడిపోయాడు, జిబెర్నౌ గెలిచాడు. ఆ ఫిర్యాదు వెనక జిబెర్నౌ ఉన్నాడని రోస్సీ నమ్మాడు, ఇక అతను రేసు గెలవడని రోస్సీ అన్నట్టు ప్యాడాక్ (టీమ్‌లన్నీ ఉండే ఆవరణ) అంతా చెప్పుకున్నారు. జిబెర్నౌ నిజంగానే ఆ తర్వాత మరో మోటోజీపీ రేసు గెలవలేదు. 2005లో జెరెజ్‌లో చివరి ల్యాప్ చివరి మలుపులో రోస్సీ లోపలి నుంచి దూరాడు, తగిలింది, జిబెర్నౌ కంకరలోకి పోయి భుజం పట్టుకుని రెండో స్థానంలో వచ్చాడు. అది అతని సొంత దేశం, సొంత జనం ముందు.

మూడోవాడు ఆస్ట్రేలియా రైడర్ స్టోనర్. 2008లో లగూనా సెకాలో కార్క్‌స్క్రూ అనే మెలికల మలుపు దగ్గర రోస్సీ మట్టిలోంచి వెళ్లి మరీ దాటాడు. స్టోనర్ ఆ వారాంతం అందరికన్నా వేగంగా ఉన్నాడు, కానీ రోస్సీ అతన్ని ఒంటరిగా వదల్లేదు. చివరికి స్టోనర్ కంకరలోకి వెళ్లి పడి, లేచి రెండో స్థానంలో వచ్చాడు. తర్వాత బ్ర్నోలో ముందుండగా పడ్డాడు, మిసానోలో మళ్లీ ముందుండగా పడ్డాడు. ఒక్క దాటింపు ఆ మనిషి సీజన్‌ని విరిచేసింది. అదే స్టోనర్ 2011లో జెరెజ్‌లో బాకీ తీర్చాడు. వానలో రోస్సీ తనని ఢీకొట్టి పడేశాడు, తర్వాత హెల్మెట్ తీయకుండానే క్షమాపణ చెప్పడానికి గ్యారేజీకి వచ్చాడు. కెమెరాలన్నీ చూస్తుండగా స్టోనర్ నవ్వుతూ, నీ ఆశ నీ టాలెంట్‌ని మించిపోయిందని అర్థం వచ్చేలా ఒక్క మాటన్నాడు.

నాలుగోవాడు సొంత టీమ్‌లోనే లోరెంజో. 2008లో ఇద్దరికీ వేరే కంపెనీల టైర్లు కాబట్టి గ్యారేజీ మధ్యలో గోడ పెట్టారు, సరే. 2009లో ఇద్దరికీ ఒకే టైర్లు వచ్చాయి, గోడ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, వీటిలో గెలుపోటములు ఎంత చేదుగా ఉన్నా ఆయుధం ఎక్కువగా వాళ్లిద్దరి మధ్యే తిరిగింది. మోచెయ్యి, ముందు చక్రం, గోడ, ఒక్క మాట. ఎదుటివాడి బుర్రలోకి వెళ్లడమే దాని పని. సెపాంగ్ గురువారం నాడు రోస్సీ చేసింది వేరు. అంతకు ముందు రేసు జరిగిన ఫిలిప్ ఐలాండ్ ల్యాప్ టైమింగ్స్ ప్రింటు చేసిన కాగితాలు పట్టుకొచ్చాడు. మార్కెజ్ తనతో ఆడుకున్నాడనీ, లోరెంజోకి టైటిల్ రావాలని అతను కోరుకుంటున్నాడనీ అందరి ముందు చెప్పాడు. మార్కెజ్ పక్కనే కూర్చుని ఉన్నాడు, ముందు నవ్వబోయి ఆగిపోయాడు. ఆ వీడియో ఇప్పుడు చూసినా ఆ మొహం మీదే నా చూపు ఆగిపోతుంది. 2014లో రోస్సీ ఊరు తవుల్లియాకి వెళ్లి అతని రాంచ్‌లో అతనితో కలిసి బైకు నడిపిన కుర్రాడు వాడు.

పైగా అదే ఫిలిప్ ఐలాండ్‌లో చివరి ల్యాప్‌లో లోరెంజోని దాటి గెలిచింది మార్కెజే. అంటే లోరెంజోకి రావలసిన అయిదు పాయింట్లు మార్కెజ్ లాగేసుకున్నాడు. సాయం చేసేవాడు చేసే పనేనా అది? ఈ ప్రశ్న అడిగే తీరిక ఆ మూడు రోజుల్లో ఎవరికీ లేకపోయింది. రోస్సీ మాట ఎదుటి మనిషి బుర్రలోకి వెళ్లే బదులు కొన్ని లక్షల మంది బుర్రల్లోకి వెళ్లింది. మార్కెజ్ మొండివాడు, తట్టుకున్నాడు. జనం దగ్గరికి వెళ్లిన మాట మాత్రం తిరిగి రాలేదు. సెపాంగ్ పోడియం మీద లోరెంజోకే బూ బూ అని అరుపులు వినిపించాయి, ఆ గొడవలో అతను ఎవర్నీ ముట్టుకోలేదు కూడా. వాలెన్సియాకి ముందు గురువారం ప్రెస్ కాన్ఫరెన్స్ రద్దు చేశారు. మరుసటి ఏడాది ముజెల్లోలో మార్కెజ్ చుట్టూ సెక్యూరిటీ గార్డులు! ఇటలీలో ఒక రైడర్ బైకు రేసుకి వచ్చి గార్డుల మధ్య నడిచాడు.

మియాపూర్_రైడర్ తమ్ముడూ, నువ్వడిగిన గీత అక్కడుందని నా అభిప్రాయం. పోటీదారుడికి చెప్పాల్సిన మాట జనానికి చెప్పిన చోట.

—

కోనసీమ_కార్నర్:

గ్రావెల్‌ట్రాప్ అన్నా, మాట జనానికి చెప్పకపోయినా జనం పట్టుకుంటారు, ఒక్క ఉదాహరణ చెప్తా. ఇది ఫార్ములా వన్ కార్ల రేసులది. 2013లో మలేషియాలో టీమ్ ఆర్డర్ పక్కన పెట్టి వెటెల్ తన టీమ్‌మేట్ వెబర్‌ని దాటేశాడు. తర్వాత మాంట్రియల్, మోంజా, సింగపూర్, పోడియం ఎక్కితే చాలు గేలి. సిల్వర్‌స్టోన్‌లో గేర్‌బాక్స్ పోయి కారు ఆగిపోతే స్టాండ్లలో సంబరాలు. తప్పు చేసింది ఒక్క రేసులో, శిక్ష ఏడాదంతా. ఎక్కువ గెలవడం కూడా ఒక కారణం అనుకుంటా. అదే ఏడాది అక్టోబర్‌లో మన బుద్ధ్ సర్క్యూట్‌లో నాలుగో టైటిల్ గెలిచి, స్టాండ్ ముందు కారు గుండ్రంగా తిప్పి, దిగి కారుకి దండం పెట్టాడు, రూల్ ప్రకారం అలా ఆపకూడదని టీమ్‌కి 25 వేల యూరోల జరిమానా పడింది. నేను అక్కడున్నా. మనవాళ్లు ఒక్కరు కూడా బూ అనలేదు, గొంతులు పోయేలా అరిచారు. ఆ గేలి తనని బాధ పెట్టిందని అతను ఆ రోజే ఒప్పుకున్నాడు. మన జనం ద్వేషం తెలిసినవాళ్లు కాదు, ఎక్కణ్నుంచో తెచ్చుకుంటే తప్ప.

—

లెస్టర్_అమ్మాయి:

పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను, మా ఇంటి నుంచి సిల్వర్‌స్టోన్ గంట ప్రయాణం. కోనసీమ అన్నయ్యగారి మాట నాకు పూర్తిగా నచ్చలేదు, మన జనం వేరు, వాళ్ల జనం వేరు అని నేను అనుకోను. ఒకే జనం రెండు రోజుల్లో రెండు రకాలుగా ఉండటం నేను చూశాను.

ఫార్ములా వన్‌లో ఇక్కడి హామిల్టన్‌కీ వెర్స్టాపెన్‌కీ టైటిల్ పోటీ నడిచిన 2021 కథ అందరికీ తెలుసు. సిల్వర్‌స్టోన్‌లో కాప్స్ మలుపులో హామిల్టన్ తగిలి వెర్స్టాపెన్ గోడకి కొట్టుకున్నాడు, 51 జీ తాకిడి (భూమ్యాకర్షణకి 51 రెట్లు), ఆసుపత్రికి తీసుకెళ్లారు. హామిల్టన్ పది సెకన్ల పెనాల్టీ తీసుకుని కూడా గెలిచాడు. ఆ రాత్రి నుంచి అతని మీద ఆన్‌లైన్‌లో రంగు గురించి రాసిన రాతలు చూసి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నాకే అలా ఉంటే ఆ మనిషికి ఎలా ఉంటుంది? 2008లో బార్సిలోనా టెస్టింగ్‌లో కొందరు మొహాలకి నల్లరంగు పూసుకొచ్చి అతన్ని వెక్కిరించారు, స్పెయిన్ డ్రైవర్ అలొన్సోతో పోటీ పేరు చెప్పి. జనం కోపం ఎక్కడో ఒకచోట పోటీని దాటిపోయి మనిషి ఒంటి రంగు దగ్గరికి వెళ్లిపోతుంది, అందుకే దాన్ని సరదా అంటే నేను ఒప్పుకోను.

2022లో టికెట్ కొనుక్కుని వెళ్లాను. శనివారం వానలో క్వాలిఫయింగ్, అంటే ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చేది. వెర్స్టాపెన్ ఇంటర్వ్యూకి రాగానే బూ అని మొదలైంది, అతని మాటలే వినిపించలేదు. నా ముందు వరసలో ఒక పెద్దాయన, రెయిన్‌కోటు, ఒడిలో చిన్న మనవరాలు, ఫ్లాస్కు మూతలో పాపకి హాట్ చాక్లెట్ పోస్తూ పోస్తూ ఆపి బూ అని అరిచి, మళ్లీ పోశాడు. పాప కూడా తాతతో పాటు అరిచింది. అక్కడేం జరుగుతోందో ఆ పాపకి తెలియదు.

ఆదివారం మొదటి మలుపులోనే జో గ్వాన్‌యూ కారు తలకిందులై, ట్రాక్ మీద అలా దొర్లుకుంటూ వెళ్లి, టైర్ల గోడ మీద నుంచి ఎగిరి వెనక కంచెకి కొట్టుకుంది. రసెల్ తన కారు ఆపి దిగి అటు పరుగెత్తాడు. రేసు ఆగిపోయింది. తెర మీద రీప్లే వేయలేదు. రీప్లే వేయలేదంటే దాని అర్థం ఏంటో రేసింగ్ చూసే ప్రతివాళ్లకీ తెలుసు. అంతమంది జనంలో మాటే లేదు, దూరంగా జెనరేటర్ శబ్దం వినిపించింది. నిన్న అరిచిన పెద్దాయన పాపని గట్టిగా పట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. జో క్షేమంగా ఉన్నాడని ప్రకటించగానే లేచి నిలబడి కొట్టిన చప్పట్లు నేను జీవితంలో వినలేదు. పక్కనున్న నాకు తెలియనావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

మరుసటి వారం ఆస్ట్రియాలో హామిల్టన్ క్వాలిఫయింగ్‌లో గోడకి కొట్టుకుంటే స్టాండ్లలో సంబరం చేసుకున్నారు, నారింజ రంగు పొగ వదిలారు. దాన్ని తప్పుపడుతూ హామిల్టన్, సిల్వర్‌స్టోన్‌లో వెర్స్టాపెన్‌ని గేలి చేయడాన్ని కూడా తాను ఒప్పుకోనని అన్నాడు. వెర్స్టాపెన్ కూడా ఆ సంబరం సరి కాదన్నాడు. ఏ ఇద్దరి పేరు చెప్పి జనం కొట్టుకుంటున్నారో ఆ ఇద్దరూ వద్దంటున్నారు. ఆ మాట మైక్ ముందు వాళ్లు అన్నారు, గ్రావెల్‌ట్రాప్ గారూ. మైక్ రెండు వైపులా పనిచేస్తుంది, ఏం మాట్లాడామన్నదే ముఖ్యం.

—

నెల్లూరు_పిట్‌లేన్:

పైన అందరూ చూసేవాళ్లు, నేను కొంచెం నడిపినవాణ్ని, కాబట్టి లోపలి నుంచి చెప్తా. మాది నెల్లూరు, చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మాకు దగ్గర. మూడేళ్లు అక్కడ చిన్న బైకుల రేసుల్లో పోటీ చేశాను. పెద్ద పేరేమీ రాలేదు, రెండు పోడియంలు.

మైండ్ గేమ్ అంటే జనం పెద్దగా ఊహించుకుంటారు. నాకు తగిలింది ఒక్క మాట. గ్రిడ్‌కి వెళ్లే ముందు, హెల్మెట్ పెట్టుకుని చేతికి గ్లవ్స్ తొడుక్కుంటుంటే, ఆ సీజన్‌లో నాతో పోటీ పడుతున్న కుర్రాడు నా బైకు వెనక చక్రం వైపు ఒకసారి వంగి చూసి, "అన్నా, గాలి చెక్ చేయించావా?" అని అడిగి వెళ్లిపోయాడు. చాలా మర్యాదగా అడిగాడు. పది నిమిషాల ముందే గేజ్ పెట్టి చూసుకున్నాను, అంతా సరిగ్గానే ఉంది. అయినా మొదటి ల్యాప్‌లో ప్రతి కుడి మలుపులో బైకు వాల్చగానే నా ధ్యాస వెనక టైరు మీదికే పోయింది. బ్రేకు ఎక్కడ వేయాలో చూడాల్సిన కళ్లు అక్కడ లేవు. రెండు మీటర్లు ముందే బ్రేకు వేశాను, ఒక్కోసారి మూడు. ఆ రెండు మీటర్లే అతనికి కావాల్సింది, లోపలి నుంచి వచ్చేశాడు. రేసయ్యాక టైరు చూస్తే ఏమీ కాలేదు. నేను కోప్పడలేదు, నిజం చెప్పాలంటే మెచ్చుకున్నాను. మా అమ్మ చేసిచ్చిన పులిహోర ఇద్దరం కలిసే తిన్నాం.

ఎందుకు పనిచేస్తుందంటే, ఆ వేగంలో బుర్రలో ఖాళీ చాలా తక్కువ. మామూలుగా నడిపేటప్పుడు పాట పాడుకుంటాం, ఇంటి విషయాలు ఆలోచిస్తాం. రేసులో ఒక్క అనవసరమైన ఆలోచన దూరితే ఒక అవసరమైన ఆలోచన బయటికి పోతుంది. వెనకవాడు ప్రతి మలుపులో ముందు చక్రం పక్కన చూపిస్తూ పోతాడు చూడండి, దాటాలని కాదు, నువ్వు లోపలివైపు కాపు కాయాలని. కాపు కాస్తే లైన్ పోతుంది, లైన్ పోతే టైరు వేడెక్కుతుంది. రోస్సీ స్టోనర్‌కి చేసింది అదే.

ఇక జనం సంగతి. హెల్మెట్ లోపల ఇంజిన్ మోతకి స్టాండ్ అరుపులు వినబడవు. రైడర్‌కి రేసు జరిగేటప్పుడు ఆ గేలి తగలదు. తగిలేది ముందూ వెనకా. గ్రిడ్ మీద, పోడియం మీద, హోటల్ నుంచి ట్రాకుకి వచ్చే దారిలో, తోడుగా వచ్చిన అమ్మానాన్నలకి. పోటీదారుడి మాట రేసు అయ్యేసరికి అయిపోతుంది, పులిహోర దగ్గర మర్చిపోతాం. జనంతో కలిసి కూర్చుని తినే అవకాశం రైడర్‌కి ఉండదు కదా, అందుకే అది ఎప్పటికీ తీరదు. 2016లో బార్సిలోనాలో లూయిస్ సలోమ్ ప్రాక్టీస్‌లో చనిపోయాక, ఆ ఆదివారం రోస్సీ, మార్కెజ్ చేతులు కలిపారు. తోటి రైడర్ పోయాక పాత లెక్కలు చిన్నవైపోతాయి. కానీ స్టాండ్‌లో ఉన్నవాళ్లకి ఆ చేయి కలిపే సమయం రాలేదు.

—

గ్రావెల్‌ట్రాప్:

నెల్లూరు అన్నా, గాలి చెక్ చేయించావా అన్న ముక్క నేనెప్పటికీ మర్చిపోను. ఒక్కటి కలుపుతా, ఆ కరచాలనం కూడా నిలబడలేదు. 2018లో అర్జెంటీనాలో మార్కెజ్ రోస్సీని తగిలి పడేశాడు, అది పూర్తిగా మార్కెజ్ తప్పు, పెనాల్టీ కూడా పడింది. క్షమాపణ చెప్పడానికి రోస్సీ టీమ్ యమహా గ్యారేజీకి వెళ్తే గుమ్మంలోనే వెనక్కి పంపారు. అదే ఏడాది మిసానోలో ప్రెస్ కాన్ఫరెన్స్‌లో మార్కెజ్ చెయ్యి చాస్తే రోస్సీ ఇవ్వలేదు. మళ్లీ కెమెరాల ముందే. ఆ చెయ్యి గాల్లో ఉండిపోవడం మిసానో స్టాండ్లన్నీ చూశాయి.

—

పసుపు46:

రెండు రోజులు ఏమీ రాయలేదు, అందరివీ మళ్లీ మళ్లీ చదివాను. సెపాంగ్‌లో మార్కెజ్ కావాలనే రోస్సీని అడ్డుకున్నాడన్న మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను, ఎవరేమన్నా అది మారదు. కానీ గురువారం కాగితాల గురించి గ్రావెల్‌ట్రాప్ గారు చెప్పింది కాదనలేను. ఆ కాగితాలు చూసే నేను ఆదివారం రేసుకి కూర్చున్నాను. నా కళ్లతో చూశానని పైన గట్టిగా రాశాను గానీ, ఏం చూడాలో మూడు రోజుల ముందే నాకు చెప్పి ఉంది.

ఇంకొకటి. 2025లో మార్కెజ్ ఎర్ర డుకాటీ మీద ముజెల్లోలో గెలిచాడు. ఇటలీ బైకు, ఇటలీ ట్రాకు, అయినా పోడియం కింద బూ బూ అని అరుపులు. పదేళ్ల కింద అయితే నేను టీవీ ముందు ఎగిరేవాణ్ని. ఈసారి ఆ గుంపులో సెపాంగ్ నాటికి నడక కూడా రాని పిల్లలు ఎంతమంది ఉండి ఉంటారో అనిపించింది. సెప్టెంబర్‌లో మొటెగీలో టైటిల్ గెలిచి ఏడ్చాడు. మొత్తం తొమ్మిది, రోస్సీతో సమానం. ఆ రోజు నాకు కోపం రాలేదు, సంతోషమూ కలగలేదు. చెయ్యి విరిగిన మనిషి అయిదేళ్లకి తిరిగొచ్చాడని మాత్రం మా ఆవిడకి చెప్పాను.

—

మియాపూర్_రైడర్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. లెస్టర్ అక్కా, ఆ పాప గురించి చదివి చాలాసేపు కూర్చుండిపోయాను, ఎందుకంటే నాకు రేసింగ్ పరిచయం చేసింది మా మామయ్య, మార్కెజ్‌ని తిట్టడం నేర్పిందీ ఆయనే. చాలా మంచివాడు. ఆయనకీ ఎవరో నేర్పి ఉంటారు.

పసుపు46 అన్నా, నా టోపీ నేను తీయడం లేదు, రోస్సీ నాకు ఇప్పటికీ రోస్సీయే. నిన్న రాత్రి మా తమ్ముడితో కలిసి సెపాంగ్ 2015 మళ్లీ పెట్టుకుని చూశాం, వాడు అడిగాడని కామెంటరీ సౌండ్ తీసేశాం. ఆరో ల్యాప్, ఏడో ల్యాప్ దాకా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. 14వ మలుపు దగ్గర రోస్సీ వేగం తగ్గించి పక్కకి తిరిగి మార్కెజ్ వైపు చూసే క్షణం ఉంటుంది కదా, అక్కడ పాజ్ చేసి, "అన్నా, ఈయన ట్రాక్ చూడటం లేదు" అన్నాడు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూశానో, నేను ఎప్పుడూ రోస్సీ కాలునే చూశాను, తన్నాడా లేదా అని. ఆ తల తిరగడం నిన్ననే చూశాను.